గడియారాల అల్లుడు నా వాటాలో ఎందుకు దిగలేదంటే

మా సందులో ఈమధ్య ఒక మాట తిరుగుతోంది. నా నోటికి జడిసి గడియారాల అల్లుడు నా పక్క వాటాలో దిగలేదట. వాటాకు వెల్ల వేయించి, కారే కుళాయి మార్పించి, కిటికీకి కొత్త గడియ కొట్టించి, తాళంచెవి కొంగున కట్టుకుని నేను ఎదురుచూస్తుంటే ఆయన "ఇప్పుడొద్దులెండి పెద్దమ్మగారూ" అని తప్పుకున్న మాట నిజమే. అందుకు కారణం నేనేనని మాత్రం ఎవరు పుట్టించారో గాని, పుట్టించి సందులోకి వదిలారు. నా ఎదుట ఎవరూ అనలేదు. వెనకాల అన్న మాటలే నాకు ముందు చేరతాయని ఇక్కడ అందరికీ తెలుసు. అయినా వెనకాలే అంటారు.

ఆ పుకారును సరిదిద్దుదామనే ఇది రాస్తున్నాను. నా చదువు ఐదో తరగతి. ఒత్తులూ దీర్ఘాలూ మనవరాలు దిద్దింది. విషయంలో తప్పుంటే ఆ అమ్మాయిని అనకండి.

మాది మరమ్మతుల సందు. కొత్త వస్తువు ఒక్కటి దొరకదు. ఆగిపోయిన గడియారం, ఊచలు విరిగిన గొడుగు, నోరు మూయని జిప్పు, నోరు తెరవని తాళం, ఇలాంటివి పట్టుకుని వచ్చేవాళ్ళే మాకు చుట్టాలు. పేర్లు ఎవరికీ గుర్తుండవు. గడియారాలాయన, గొడుగుల తాత, జిప్పులక్క, తాళాలాయన, అంతే. నా చేతిలో ఏ పనీ లేదు కాబట్టి నన్ను పెద్దమ్మ అన్నారు. నా ఇల్లు సందుకు నడిమధ్య. ఎవరు ఎటు వెళ్ళాలన్నా నా అరుగు ముందు నుంచే వెళ్ళాలి. వెళ్ళేవాణ్ణి ఎక్కడికని అడగకపోతే మర్యాదగా ఉండదు, వచ్చేవాణ్ణి ఏమైందని అడగకపోతే నాకు నిద్ర పట్టదు.

గడియారాల కొట్టు సందు మొదట్లో ఉంది. కొట్టు కింద, ఇల్లు పైన. గడియారాలాయన కూతురు నా కళ్ళ ముందు పెరిగిన పిల్ల. దాని మొగుడు ఏదో కంపెనీలో వెబ్‌సైట్లు చేసేవాడు. ఆ కంపెనీ మూతపడింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ రెండు పెట్టెలతో పుట్టింటికి వచ్చారు. ఆయన ఇల్లరికం వచ్చినవాడు కాడు, ఉద్యోగం పోయి వచ్చినవాడు. ఈ రెండూ ఒకటి కావని సందును ఒప్పించడం నా వల్ల కాలేదు. నిజం చెప్పాలంటే నేను పెద్దగా ప్రయత్నించనూ లేదు. "గడియారాల అల్లుడు" అన్న పేరు పెట్టిందే నేను. అది అతుక్కుపోయింది.

ఆ ఇంట్లో ఒక వింత ఉంది. మామగారు అల్లుడితో మాట్లాడరు. కోపం లేదు, కొట్లాట లేదు. మనిషి అసలే మితభాషి. ఉన్న నాలుగు మాటలూ గడియారాలతోనే ఖర్చుపెట్టేసుకుంటారు. అల్లుడు ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే కూతురు వైపు తిరిగి, "అమ్మాయ్, మీ ఆయనకి ఇంకాస్త వడ్డించు" అంటారు. "అమ్మాయ్, మీ ఆయన్ని ఆ ఫ్యాను కట్టెయ్యమను" అంటారు. స్విచ్చు అల్లుడి భుజానికి ఆనుకునే ఉంటుంది. కూతురు వంటింట్లోంచి వచ్చి, "ఏమండీ, నాన్న ఫ్యాను కట్టెయ్యమంటున్నారు" అని చెప్పాక ఆయన కట్టేస్తాడు.

ఇదంతా నీకెలా తెలుసని అడుగుతారు. వాళ్ళ గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు చూశాను. ఆ గిన్నె వాళ్ళది కాదు, నాదే. భోజనాల వేళకు ఒకరింటికి వెళ్ళాలంటే చేతిలో ఏదో ఒక గిన్నె ఉండాలి కదా.

అలా ఒకసారి వెళ్ళి వస్తుంటే అల్లుడు మెట్ల దాకా నా వెంట వచ్చాడు.

"పెద్దమ్మగారూ, మీ పక్క వాటా ఖాళీగా ఉందట కదండీ?"

"ఉంది. నీకెందుకు నాయనా, ఇంత ఇల్లు పెట్టుకుని?"

"ఇల్లు ఉందండీ. అందులో నేనే లేనట్టుంది. సంఘం పని ఖాయమైతే ఆ వాటా మాకివ్వండి. చిన్నదైనా ఫరవాలేదు, తలుపు మాదైతే చాలు."

సంఘం పని అంటే ఇదీ. మా మరమ్మతుదారుల సంఘం ఒక వెబ్‌సైటు పెట్టుకోవాలనుకుంది. ఫోను చూసుకుంటూ దారి వెతుక్కునే జనానికి మా సందు కనబడటం లేదు మరి. సైటు చేసేది అల్లుడు. అది బాగుంటే ఏడాది పొడవునా దాన్ని చూసుకునే పని కూడా ఆయనకే. బాగోకపోతే తాళాలాయన తోడల్లుడి కొడుకు కాచుకుని ఉన్నాడు. కాబట్టి ఆ సైటు మీద ఆధారపడ్డది మా వ్యాపారం ఒక్కటే కాదు, ఆ మనిషికి ఒక తలుపు కూడా. ఆ సంగతి సందులో నాకొక్కదానికే తెలుసు. సాయంత్రానికి అందరికీ తెలిసింది.

ఫొటోలు తీయడానికి అల్లుడు కొట్టు కొట్టుకూ తిరుగుతుంటే వెంట నేనూ తిరిగాను. పిలవని పేరంటమే అనుకోండి. ఏ కొట్టు ఫొటోకి ఆ కొట్టు పేరు పెడతానన్నాడు. నేను అడ్డుపడ్డాను.

"పేర్లు పెట్టావంటే ఎవరి పేరు ముందని కొట్టుకు చస్తారు. నంబర్లు వెయ్యి. వయసు ప్రకారం. పెద్దవాళ్ళకి ముందు."

మా సందు ఆచారం అదే. కుళాయి దగ్గర వరస నుంచి చందాల వరకు పేరు పలకం, నంబరే. గొడుగుల తాతకి ఒకటి, గడియారాలాయనకి రెండు. జిప్పులక్క తనకు నాలుగు పడిందని తెలిసి నాతో చాన్నాళ్ళు మాట్లాడలేదు. నన్ను ఏ నంబరులో వేయాలో తేలక అల్లుడు సున్నా వేశాడు. గౌరవంగానే వేశాడనుకున్నాను.

నా ఫొటో ఎందుకంటారా? సంఘం సమావేశాలు మా హాల్లో జరుగుతాయి. సందులో పెద్ద టీవీ నాదే. అందుకని మొదటి పేజీ మీద సందు మొదట్లోని గడియారాల కొట్టు ఫొటో, పక్కనే నా ఫొటో ఉండాలని తీర్మానించారు. తీర్మానం చదివింది నేనే, చెయ్యెత్తింది నేనే, మిగతావాళ్ళు టీ తాగుతున్నారు.

సాయంత్రాలు అల్లుడు ల్యాప్‌టాప్ తెచ్చి మా టీవీకి తగిలించేవాడు. మొదటి పేజీ తెరవగానే నేను కుర్చీ దగ్గరికి లాక్కునేదాన్ని.

"కాస్త కుడివైపుకి జరుపు నాయనా. అబ్బే, ఎడమే బాగుంది. ఆ వెలుతురు నా ముక్కు మీద పడుతోంది చూడు."

"పెద్దమ్మగారూ, లోపలి పేజీలు కూడా ఒకసారి చూద్దామండీ."

"చూద్దువుగాని. ముందు ఈ ముక్కు సంగతి తేల్చు."

ముక్కు సంగతి తేలేసరికి వంట వేళయ్యేది. లోపలి పేజీలు ఏనాడూ తెరిచిన పాపాన పోలేదు.

సంఘం అంతా చూసే రోజు వచ్చింది. హాలు నిండిపోయింది. మొదటి పేజీ వెలిగింది. గడియారాల కొట్టు నిగనిగలాడింది, పక్కన నేనూ నిగనిగలాడాను. చప్పట్లు కొట్టారు. గొడుగుల తాత కర్ర నేలకేసి కొట్టి, "నాది నొక్కు" అన్నాడు.

అల్లుడు నొక్కాడు. ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా, మధ్యలో చిరిగిన కాగితం ముక్క బొమ్మ. తాళాలాయనది నొక్కాడు. అదే డబ్బా. జిప్పులక్కదీ అంతే. ఫొటోలే కాదు, రంగులూ పోయాయి. అక్షరాలు సున్నం కొట్టిన గోడ మీద బొగ్గుతో గీకినట్టున్నాయి.

తాళాలాయన లేచాడు. "ఓహో! మామ కొట్టుకి మాత్రం ఫొటో ఉందే! మేమేం పాపం చేశాం?"

"పెద్దమ్మకీ ఉందిగా," అంది జిప్పులక్క. "వాటా ఇచ్చేది ఆవిడేగా మరి!"

అల్లుడి ముఖం వెలవెలబోయింది. "తప్పు నాదేనండీ. కొంచెం సమయం ఇవ్వండి" అన్నాడు. గడియారాలాయన ఆ మూల కుర్చీలోంచి లేచి కూతురితో, "అమ్మాయ్, మీ ఆయన్ని ఇంటికి రమ్మను" అన్నారు. అల్లుడు ఆయన పక్కనే నిలబడి తీగలు చుట్టుకుంటున్నాడు.

మర్నాడు పొద్దున్నే నేను మెట్లెక్కి వెళ్ళాను. గిన్నె తీసుకెళ్ళడం కూడా మరిచిపోయాను, అంత ఆత్రం. అల్లుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని ముఖం తేటపడింది.

"దొరికిందా?"

"దొరికిందండీ."

"నాకు అర్థమయ్యేలా చెప్పు. లేకపోతే కదలను."

కదలనని ఆయనకు తెలుసు. కుర్చీ వేశాడు.

"సైటులో కంట్రోలరని ఒకటుంటుందండీ. మీలాంటిదనుకోండి. ఎవరొచ్చినా ముందు దానికే చెప్పాలి. 'గొడుగుల కొట్టు చూపించు' అంటే అదే లోపలికి వెళ్ళి, కావలసినవన్నీ పోగుచేసి, పేజీ కట్టి చేతికిస్తుంది."

నాలాంటిదనగానే నేను సర్దుకుని కూర్చున్నాను.

"లోపలి పేజీకి అడ్రసు 'దుకాణం, చూపు, గొడుగులు' అని గీతలు పెట్టి రాసి ఉంటుందండీ. చూస్తే గదిలో గది, దాంట్లో గది ఉన్నట్టుంటుంది. నిజానికి అలాంటి గదులేం లేవు. అది కంట్రోలరుకి చెప్పే కబురు, అంతే. నేనేమో ఫొటో ఎక్కడుందంటే 'పక్కనున్న బొమ్మల అలమరలో' అని రాశాను. మొదటి పేజీ గడప మీదే ఉంది, పక్కనే అలమర. దొరికింది. లోపలి పేజీకి వచ్చేసరికి బ్రౌజరు పాపం ఆ లేని గదుల్లోకి వచ్చేశాననుకుంది. అక్కడ పక్కకి తిరిగి అలమర కోసం తడుముకుంది. గదే లేనప్పుడు అలమర ఎక్కడుంటుందండీ?"

"అయితే ఏం చేస్తావు?"

"పక్కన అనకుండా, మొట్టమొదటి గేటు నుంచి లెక్కపెట్టుకురమ్మంటాను. ప్రతి ఫొటో ముందు ఒక్క గీత పెడితే చాలు."

"ఒక్క గీతా? ఈ ఒక్క గీత కోసమా నిన్న అంత రభస?"

"అవునండీ."

నేను కిందికి దిగి, ఒక్క గీత మరిచిపోయాడట అని సందంతా చెప్పాను. ఆయనకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను. తాళాలాయన మాత్రం "ఒక్క గీత పెట్టడం చేతకానివాడికి ఏడాది పనా?" అన్నాడు. ఆ మాట నేను ముందే ఆలోచించి ఉండాల్సింది.

గీతలు పెట్టాడు. తన యంత్రంలో అన్ని పేజీలూ నొక్కి చూశాడు, ఈసారి నన్ను దగ్గరికి రానివ్వకుండా. అంతా బాగుంది. ఇక సైటును లోకానికి పెట్టాలి. అందుకు పెద్ద బజారులోని వర్తక సమాఖ్య తమ దగ్గర ఉచితంగా చోటిస్తానంది. సమాఖ్యకు మా సంఘాన్ని తమలో కలిపేసుకోవాలని ఏనాటి నుంచో ఉంది, మా వాళ్ళకు ఆ మాటెత్తితే ఒంటికి కారం రాసుకున్నట్టుంటుంది. చోటు ఊరికే వస్తోందని ఒప్పుకున్నారు. ఎక్కించే పని సమాఖ్య ఆఫీసు వాళ్ళే చేస్తామన్నారు, చేశారు.

ఆ పూట మొట్టమొదట ఫోను చూసుకున్నది గొడుగుల తాత. అరుగు దగ్గరికి వచ్చి నా ముఖాన పెట్టాడు.

"చూడమ్మా, ఎంత బాగా తీశాడో! పదేళ్ళు తగ్గిపోయాను."

తాతకు చూపు మందం. ఆ ఫొటోలో ఉన్నది తాత కాదు. కోటు వేసుకుని, బట్టతలతో, కత్తెర పట్టుకుని రిబ్బను కోస్తున్న సమాఖ్య అధ్యక్షుడు. కింద పెద్ద అక్షరాలతో "పాత గొడుగులు బాగుచేయబడును" అని ఉంది.

ఫోను లాక్కున్నాను. జిప్పులక్క పేజీ నొక్కాను. సమాఖ్య వారు బజారులో కొత్తగా కట్టించిన మరుగుదొడ్ల ప్రారంభోత్సవం. కింద "అన్ని రకాల జిప్పులు వేయబడును". గడియారాల కొట్టు ఉండాల్సిన చోట సమాఖ్య కార్యదర్శి మీసాలు. వాళ్ళూ తమ ఫొటోలకు ఒకటి, రెండు, మూడు అని నంబర్లే వేసుకున్నారట. నంబర్ల సలహా ఎవరిదో మీకు గుర్తుండే ఉంటుంది. సందులో ఎవరికీ గుర్తు లేదు, నేనూ గుర్తు చేయలేదు.

ఆత్రంగా మొదటి పేజీకి వెళ్ళి నా ముఖం వెతుక్కున్నాను. ఖాళీ డబ్బా. సమాఖ్యలో సున్నా నంబరు ఎవరూ లేరు.

మధ్యాహ్నానికి సమాఖ్య నుంచి ఒక మనిషి వచ్చి, "మా అధ్యక్షులవారితో గొడుగులు బాగుచేయిస్తారా?" అని అరిచి వెళ్ళాడు. సాయంత్రానికి సందులో ఒకటే మాట: గడియారాల అల్లుడు మన సందును సమాఖ్యకు అమ్మేశాడు. ఇది మాత్రం నేను పుట్టించింది కాదు. నేను మోసింది అంతే.

మళ్ళీ మా హాల్లోనే సమావేశం. టీ పెట్టినా ఎవరూ ముట్టలేదు. తాళాలాయన నిలబడే ఉన్నాడు.

"మొదటిసారి మామని చూపించావు. రెండోసారి సమాఖ్య వాళ్ళని చూపించావు. మూడోసారి ఎవర్ని చూపిస్తావయ్యా?"

"మూడోసారి మిమ్మల్నే చూపిస్తానండీ. ముందు తప్పెక్కడ జరిగిందో చెప్పనివ్వండి." అల్లుడు లేచాడు. నా వైపు తిరిగాడు. "పెద్దమ్మగారూ, ఒకసారి అరుగు మీదికి వస్తారా? జిప్పులక్క కొట్టుకి దారి చెప్పండి."

దారి చెప్పడంలో నన్ను మించినవాళ్ళు లేరని నా నమ్మకం. అరుగు మీద నిలబడి చెయ్యి చాపాను. "ఇదిగో, ఇలా వెళ్ళి, అలా తిరిగితే, ఆ పక్కన రెండోదే."

"బాగుందండీ. ఇప్పుడు ఇలా రండి." నన్ను హాలు దాటించి, వంటిల్లు దాటించి, పెరటి గుమ్మం దగ్గర నిలబెట్టాడు. జనమంతా వెనకే వచ్చారు. "ఇక్కణ్ణుంచి చెప్పండి. జిప్పులక్క కొట్టెక్కడ?"

అలవాటు కొద్దీ అదే చెయ్యి చాపి అదే పాట పాడాను. "ఇలా వెళ్ళి, అలా తిరిగితే..."

నా చెయ్యి తిన్నగా మా బాత్రూమును చూపిస్తోంది.

"సమాఖ్య వాళ్ళూ నన్ను అక్కడే పెట్టారు, నువ్వూ అక్కడే పెట్టావా పెద్దమ్మా!" అంది జిప్పులక్క. ఒక్కసారిగా హాలూ పెరడూ గొల్లుమన్నాయి. నా దారి పట్టుకుని తిరిగి తిరిగి వచ్చినవాళ్ళంతా ఆ రోజు కసి తీరా నవ్వారు. ఫోనులో దారి అడిగినవాళ్ళకు కూడా నేను చెయ్యి చాపి ఇలా, అలా అంటానని గొడుగుల తాత గుర్తుచేశాడు. గుర్తుచేయమని ఆయన్ని ఎవరూ అడగలేదు.

నవ్వు తగ్గాక అల్లుడన్నాడు: "పెద్దమ్మగారి తప్పేం లేదండీ. అరుగు మీంచి ఆ దారి సరైనదే. నిలబడ్డ చోటు మారింది, మాట మారలేదు. మొదటిసారి నేను చేసింది అచ్చం ఇదే. రెండోసారి, ఇలా అలా వద్దు, గేటు నుంచి లెక్కపెట్టమని రాశాను. మనకి మన గేటు ఉంటుందనుకున్నాను. సమాఖ్య వాళ్ళు మన సైటుని వాళ్ళ ఆవరణలో ఒక మూల పెట్టారు. గేటు వాళ్ళదైపోయింది. గేటు నుంచి వెళ్తే వాళ్ళ అలమర వచ్చింది, అందులో వాళ్ళ ముఖాలు వచ్చాయి. ఎక్కడ పెడుతున్నారో కనుక్కోకుండా రాయడం నా తప్పు."

"మరిప్పుడు?" అన్నాడు తాళాలాయన, ఇంకా గుర్రుగానే.

"ఇప్పుడు దారి నేను రాయనండీ. పేజీ కట్టేదెవరు? కంట్రోలరు. దానికి తానెక్కడుందో తెలుసు. పేజీ కట్టే ప్రతిసారీ 'ఇవాళ మన గడప ఎక్కడుంది?' అని దాన్నే అడిగి, ఆ గడప నుంచి దారి రాయమంటాను. మనం సమాఖ్య ఆవరణలో ఉంటే ఆవరణలోని మన గడప. విడిగా ఉంటే విడి గడప."

నేను అప్పటికి వంటింట్లోకి వచ్చి మంచినీళ్ళు తాగుతున్నాను. ఒళ్ళు మండిపోతోంది. వాటా ఇస్తానన్న మనిషిని నలుగురిలో బాత్రూము ముందు నిలబెట్టి ఆడిస్తాడా? ఇలాంటివాడికి వాటా ఇవ్వాలా అని గోడతో వాదిస్తున్నాను. హాల్లోంచి గడియారాలాయన గొంతు వినబడింది. ఆ గొంతు సమావేశాల్లో లేవడం అపురూపమే గాని, నా కోపంలో సగం చెవితోనే విన్నాను.

"రేపు మనం ఆ సమాఖ్యని వదిలేసి ఇంకో చోటికి మారామనుకో. అప్పుడు నువ్వు మళ్ళీ అన్నీ విప్పి బిగించాలా?"

ఎవరో కుర్చీ జరిపారు.

"అక్కర్లేదు మామయ్యా," అన్నాడు అల్లుడు. "ఒక్క స్క్రూ కూడా ముట్టుకోనక్కర్లేదు."

"ఊఁ" అన్నారాయన.

నాకేమో, నన్ను ఎవరైనా బతిమాలడానికి వంటింట్లోకి వస్తారేమోనన్న ధ్యాసే. ఎవరూ రాలేదు. నేనే బయటికి వచ్చాను.

అల్లుడు అక్కడికక్కడే సరిచేసి, సమాఖ్య చోటులోనే ఉన్న సైటును నా టీవీ మీద తెరిచి చూపించాడు. తాళాలాయన స్వయంగా ఒక్కొక్కటీ నొక్కాడు, ఎక్కడైనా తప్పు దొరక్కపోతుందా అని. గొడుగుల తాత కొట్టులో గొడుగుల తాతే ఉన్నాడు. పదేళ్ళు పెరిగిపోయానని కాస్త చిన్నబుచ్చుకున్నాడు. జిప్పులక్క తన పేజీ చూసుకుని, "నంబరేదైనా మనిషిని బాగానే ఉన్నాను" అంది. చేతులెత్తమంటే తాళాలాయనతో సహా ఎత్తారు. ఏడాది పని ఖాయమైంది. నా కోపం కూడా అక్కడితో దిగిపోయింది. సున్నా నంబరు ఫొటో అన్నిటికంటే ముందు వచ్చింది మరి.

ఆ మర్నాడే వాటాకు వెల్ల మొదలుపెట్టించాను. అంతా అయ్యాక తాళంచెవి తీసుకుని వెళ్తే, ఆయన "ఇప్పుడొద్దులెండి పెద్దమ్మగారూ" అన్నాడు. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. తలుపు మాదైతే చాలన్న మనిషి! తలుపు తెచ్చి ఎదుట పెడితే వద్దంటాడేం?

నేను ఊరుకునే రకమా? ముందు ఆయన పెళ్ళాన్ని అడిగాను. "ఆయన్నే అడగండి పెద్దమ్మా" అంది. జిప్పులక్కను ఆరా తీయమన్నాను. వెళ్ళి మాట్లాడి వచ్చి, ముసిముసిగా నవ్వుతూ ఏం చెప్పకుండా కూర్చుంది. బహుశా పుకారు అక్కడే పుట్టి ఉంటుంది. మనవరాల్ని పంపాను. వాళ్ళు పెట్టింది తిని వచ్చింది గాని కబురేమీ తేలేదు.

చివరికి మళ్ళీ గిన్నె పట్టుకున్నాను.

తలుపు తోసేసరికి మామా అల్లుళ్ళిద్దరూ బల్ల దగ్గర ఉన్నారు. మామగారు కంటికి గడియారాలు చూసే భూతద్దం అలాగే పెట్టుకుని ల్యాప్‌టాప్ మీదికి వంగి, వేలు చూపిస్తూ ఏదో అడుగుతున్నారు. అల్లుడు ఏదో చెబుతున్నాడు. నన్ను చూడగానే ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు. మామగారు అద్దం తీసి జేబులో వేసుకుని కిందికి వెళ్ళిపోయారు.

నా గురించే మాట్లాడుకుంటున్నారని అనుకున్నాను. ఆ ఇంట్లో ఇద్దరు మాట్లాడుకోవాలంటే అంతకంటే పెద్ద విషయం ఏముంటుంది? మెట్లు దిగుతూ తేల్చుకున్నాను: ఇక గిన్నెలూ వద్దు, రాయబారాలూ వద్దు. పుకారు నా గడపలోకి వచ్చి కూర్చుంది. తిన్నగా అడిగేద్దాం.

సాయంత్రం ఆయన అరుగు ముందు నుంచి వెళ్తుంటే ఆపాను. ఎక్కడికని అడగలేదు. జీవితంలో మొదటిసారి అనుకుంటాను.

"నాయనా, కూర్చో. ఒక్కటే అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పు. నా నోటికి జడిసే నా వాటాలో దిగలేదని సందంతా అనుకుంటోంది. అది అబద్ధమని నీ నోటితో చెప్పేస్తే నేను రాసుకుంటాను. చెప్పు, నా వల్లేనా?"

ఆయన అరుగు అంచున కూర్చున్నాడు. తర్వాత సందు మొదట్లోకి, మామగారి కొట్టు వైపు చూసి అన్నాడు:

"మీ వల్లేనండీ పెద్దమ్మగారూ. ఏమీ అనుకోకండి. మా మామయ్య ఈమధ్య నాతో మాట్లాడుతున్నారు. నేరుగా నాతోనే. రోజుకి ఏదో ఒకటి అడుగుతారు. నేను మీ వాటాలోకి వచ్చేస్తే, నాతో మాట్లాడాలంటే ఆయన మీ అరుగు దాటి రావాలి. దాటుతుంటే మీరు ఎక్కడికి, ఎందుకు, ఏమిటి సంగతి అని అడుగుతారు. ఆయన దగ్గర ఉన్నవే నాలుగు మాటలండీ. మీకు సమాధానం చెప్పేసరికి అవి అయిపోతాయి, నా దాకా ఒక్కటీ మిగలదు."